నల్ల కారు, డీఏ పాలిషర్: కొన్నేళ్లు వాడాక

నల్ల కారు కొన్నవాళ్లకి పాలిషింగ్ మెషిన్ కొనాలనే బుద్ధి ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. నాకు అది పుట్టింది మా అపార్ట్‌మెంట్ సెల్లార్ వల్ల. ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచేసే పద్ధతి హైదరాబాదులో ఎవరికీ కొత్త కాదు. ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుకే పెయింట్ మీద సన్నటి గీతలు గీస్తుంది. నీడలో కనపడవు. ఎండలో నిలబెడితే మాత్రం బానెట్ నిండా సాలెగూడే.

నేను తీసుకున్నది 5 అంగుళాల ప్లేటు (ప్యాడ్ అంటించే చక్రం), 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ అటూ ఇటూ ఊగే దూరం) ఉన్న డ్యుయల్ యాక్షన్ మెషిన్. అందరూ డీఏ అంటారు. టింకరింగ్ షాపుల్లో వాడే రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. దాంతో పని త్వరగా తెములుతుంది గానీ, చెయ్యి తిరగనివాళ్లు అంచు మీద కాస్త ఆపితే చాలు, పెయింట్ కాలిపోతుంది. డీఏలో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట చేరదు. మరీ నొక్కితే తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఇదే పెద్ద రక్ష. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, ప్యాడ్ తిరుగుతోందో లేదో కంటికి తెలిసిపోతుంది.

పనితనం గురించి చెప్పాలంటే, బానెట్, రూఫ్, డిక్కీ లాంటి చదునైన చోట్ల దీనికి వంక పెట్టలేను. రెండడుగుల గడి ఒకటి అనుకుని, ప్యాడ్ మీద నాలుగు చుక్కల కాంపౌండ్ (పెయింట్ పైపొరని అరగదీసే పేస్టు) వేసి, ముందు చిన్న స్పీడులో పరిచి, తర్వాత నాలుగుకో ఐదుకో పెంచి నిదానంగా నడపాలి. తెల్లటి కాంపౌండ్ పలచబడి పారదర్శకం అవుతుంది, అక్కడ ఆపేయాలి. మైక్రోఫైబర్‌తో తుడిచాక సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూస్తే, పాలిష్ చేసిన భాగానికీ చేయని భాగానికీ మధ్య టేపు అంటించిన గీతకి ఇటు నలుపు, అటు బూడిద రంగు. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడని కిందకి పిలిచి మరీ చూపించాను.

అయితే ఆ మెరుపంతా నిజం కాకపోవచ్చు. కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతల్ని నింపి దాచేస్తాయి, నాలుగు వాష్‌లకి ఆ గీతలు మళ్లీ తేలతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి తుడిస్తే అసలు రంగు బయటపడుతుంది. గోరు తగిలి ఆగేంత లోతు గీత ఏ ప్యాడ్‌కీ పోదు, దాని జోలికి వెళ్లొద్దు. బోరు నీళ్ల తెల్ల మచ్చలకైతే మెషిన్ కంటే ముందు నీళ్లు కలిపిన వెనిగర్ వాడి చూడండి.

చిరాకులూ ఉన్నాయి. బంపర్ వంపుల్లో, పిల్లర్ల మీద 15 త్రో మాటిమాటికీ ఆగిపోతుంది. సైడ్ మిర్రర్ల వెనక అసలు పట్టదు, 3 అంగుళాల ప్లేటు విడిగా కొనాల్సి వచ్చింది. ఎండాకాలంలో ఆపకుండా నడిపితే ప్లేటు వేడెక్కి వెల్‌క్రో పట్టు సడలుతుంది. నల్ల ప్లాస్టిక్ బీడింగులకి మాస్కింగ్ టేపు వేయకపోతే తెల్లచారలు మిగిలి, టూత్‌బ్రష్‌తో గీకాలి. డోర్ల కింది భాగం చేసేసరికి భుజాలు పడిపోతాయి. సెల్లార్‌లో దాని రొదకి పైవాళ్లు తొంగిచూస్తారు కూడా.

రంగు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, సాధారణంగా 40, 50 మైక్రాన్లకు మించదు. ప్రతి బఫింగూ అందులోంచి కొంత తీసేసేదే. అందుకే కాంపౌండ్ జోలికి ఇప్పుడు చాలా అరుదుగా వెళ్తున్నాను. ఎక్కువగా మెత్తటి ఫోమ్, సన్నరకం పాలిష్, పైన వ్యాక్స్, అంతే. తుడిచే అబ్బాయికి టైర్లు, అద్దాలు మాత్రం అప్పగించాను.

తెల్ల కారు వాళ్లకి ఇంత ఖర్చు అనవసరమనే అంటాను, వాటి మీద గీతలు పెద్దగా కనపడవు. కొనదలిస్తే మాత్రం మెషిన్‌తో వచ్చే ప్యాడ్ల మీద ఆధారపడకండి. కారు మొత్తానికి కనీసం ఐదారు కావాలి, మురికి పట్టిన ప్యాడే కొత్త గీతలు పెడుతుంది.