ఆటిజం ఉన్న చిన్నారికి థెరపీ సెంటరా, స్కూలా: ఏ ప్లాన్ మేలు?

హైదరాబాద్‌లో ఆటిజం ఉన్న మూడు నుంచి ఆరేళ్ల పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా తేల్చుకోలేక నలిగేది ఈ రెండింటి మధ్యే: విడిగా కూర్చోబెట్టి నేర్పే థెరపీ సెంటర్, షాడో టీచర్‌తో (తరగతిలో పిల్లవాడి పక్కనే ఉండి సాయపడే టీచర్) మామూలు ప్లేస్కూల్.

పేరు పిలిస్తే పలకని, కావలసింది వేలితో చూపించని, తల బాదుకునే పిల్లలకు ముందు సెంటరే మేలు. చిన్న చిన్న మెట్లుగా నేర్పడం అక్కడ బాగా కుదురుతుంది. చిక్కల్లా, అక్కడ వచ్చింది చాలాసార్లు ఇంట్లో రాదు. ఒకే మనిషి, ఒకే బల్ల, ఒకే బొమ్మ మీద నేర్చుకోవడమే కారణం. అందుకే ప్రతి లక్ష్యాన్నీ ఇంకో మనిషితో, ఇంకో చోట కూడా చేయించి చూస్తామని ప్లాన్‌లో (పిల్లవాడికి ఏం, ఎలా నేర్పాలో రాసుకునే పత్రం) రాయించుకోండి. ఇంట్లో తెలుగు, సెంటర్‌లో ఇంగ్లిష్ అయితే ఇది మరీ కష్టం. మొదటి మాటలు ఇంటి భాషలోనే నేర్పమని గట్టిగా అడగండి.

చూసి అనుకరించగలిగి, పదిమందిలో ఐదు నిమిషాలైనా కూర్చోగలిగితే ప్లేస్కూల్ మంచిది. వంతు కోసం ఆగడం, తోటివాళ్లతో ఆడటం ఒంటరిగా నేర్పే సెంటర్ గదిలో అంత తేలిగ్గా రావు. ఇక్కడ దెబ్బతీసేది షాడో టీచర్ అన్నీ తానే చేసిపెట్టడం. ఆమె ఎప్పుడు, ఏ పనిలో, ఎంత వెనక్కి తగ్గాలో ప్లాన్‌లో ఉండాలి.

తల్లిదండ్రుల అసంతృప్తికి అసలు మూలం చోటు కన్నా ప్లాన్ రాసే తీరులో ఉంటుంది. ‘మాట మెరుగుపడాలి’ అని రాస్తే మూడు నెలల తర్వాత ఏం కొలుస్తారు? ‘దాహమైతే 10 సార్లలో 8 సార్లు తనంతట తానే నీళ్ల బొమ్మ కార్డు ఇవ్వాలి’ అని రాస్తే ఎదుగుదల అమ్మానాన్నలకే కనిపిస్తుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కు ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. అంతకుముందు ప్లాన్ ఎలా ఉండాలన్నది చాలావరకు మీరు అడిగి రాయించుకునేదే. రెండో అభిప్రాయానికి బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

సెంటర్, స్కూలు రెండూ నడిపిస్తే ప్లాన్ మాత్రం ఒక్కటే ఉండాలి. స్పీచ్ థెరపిస్ట్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్), టీచర్ తలో నోట్‌బుక్ పెడితే పిల్లవాడు ముగ్గురి దగ్గరా మొదటి మెట్టు మీదే ఉంటాడు. ప్లాన్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. థెరపిస్ట్ మారితే, కొత్తవాళ్ల మొదటి సెషన్‌కు ముందే పాత రికార్డు షీట్లు వాళ్ల చేతికి అందేలా చూడండి.