డీహ్యూమిడిఫైయర్: కొన్ని వానాకాలాలు వాడాక

హన్మకొండలో మాది పాత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. 2023 జూలై వానల తర్వాత వెనక గదిలో బూజు వాసన ఎంతకీ పోలేదు. దివాన్ పెట్టెలో దాచిన వరంగల్ కొత్తవాడ జంపకానాల మీద తెల్లగా బూజు పట్టింది. బతుకమ్మకు పట్టుచీరలు తీస్తే మడతల్లో మచ్చలు. అప్పుడు కొన్నాం గాలిలో తేమను నీళ్లుగా లాగే ఈ మెషిన్.

మాది కంప్రెసర్ రకం. రోజుకు 20 లీటర్లు లాగుతుందని డబ్బా మీద ఉంది. ఆ లెక్క 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గదిలో తీసింది. తేమ తగ్గేకొద్దీ వచ్చే నీళ్లూ తగ్గుతాయి. అయినా ముసురు పట్టిన రోజుల్లో తలుపులు, కిటికీలు మూసి నడిపితే పని కనపడుతుంది. తేమ 60 శాతం లోపు ఉంటే బూజుకు బలం ఉండదు. మా గదిలో 80 పైన ఉండేది, ఇప్పుడు 55 దగ్గర ఆగుతోంది. ఇది చెప్పేది తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్. మెషిన్ కన్నా ముందు అది కొనండి. వాన వెలిశాక కిటికీలు తీస్తే 60 లోపుకు దిగే ఇల్లయితే మెషిన్ దండగ.

అసలు సంగతి గోడది. ఈ మెషిన్ గాలిలో తేమనే లాగుతుంది, గోడ నెమ్మును మాన్పదు. మా వెనక గోడకు అవతల బాత్రూం. టైల్స్ సందుల్లోంచి నీళ్లు ఇంకుతుంటే, ఇటు ఎంతసేపు నడిపినా నల్ల మచ్చలు వస్తూనే ఉన్నాయి. పైపైన డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ పూసి వెళ్లినాయనకు ఇచ్చిన డబ్బులు కూడా ఆ నీళ్లలోనే పోయాయి. చివరికి మేస్త్రి సందులు గీకి గ్రౌట్ నింపాడు. ఉబ్బిన ప్లాస్టర్ కొట్టేయించి, కొత్తది బాగా ఆరాకే రంగు వేయించాం. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాం. ఆ తర్వాతే మెషిన్ పెట్టిన ఖర్చుకు న్యాయం చేసింది.

ఇబ్బందులూ ఉన్నాయి. గది కొంచెం వేడెక్కుతుంది. చప్పుడుకు ఆ గదిలో అమ్మకు నిద్ర పట్టదు, అందుకే పగలే నడుపుతాం. మాది 300 వాట్లది, పది గంటలకు మూడు యూనిట్లు. ఫిల్టర్ కడగకపోతే మెషిన్ నుంచే వాసన వస్తుంది.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే బుల్లి మెషిన్లు గదికి ఆనవు. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బీరువాకు సరిపోతాయి, కానీ ఆ నీళ్లు ఒలికితే చీరలు పాడవుతాయి. కింది అరలోనే పెట్టండి.

చలికాలంలో మాకు దీనితో పని పడదు, తుడిచి సజ్జ ఎక్కిస్తాం. ఏసీ ఉన్నవాళ్లు మాత్రం ముందు దాని డ్రై మోడ్ వాడి హైగ్రోమీటర్ చూడండి. మా వెనక గదిలో ఏసీ లేదు.