కారవాన్‌లో పై బంకు ఎక్కడం, దిగడం: హుక్ నిచ్చెన, మడత మెట్లు, పెట్టె మెట్లలో ఏది నిలబడింది

కారవాన్ చూడబోయినవాళ్లు ఏసీ ఆన్ చేయించి చూస్తారు, వంటగట్టు చూస్తారు, టాయిలెట్ తలుపు తీసి చూస్తారు. పై బంకు దగ్గరికొచ్చేసరికి 'పోరగాళ్లు పడుకుంటారులే' అనుకుని ముందుకు జరుగుతారు. ఆ పోరగాళ్లు ఎక్కడం పెద్ద సంగతి కాదు. రాత్రి రెండింటికి నిద్రకళ్లతో ఒంటేలుకు దిగడమే అసలు సంగతి. అది మేడారం పోయిన మొదటి రాత్రే తెలిసొస్తుంది.

మన దగ్గర కుటుంబ కారవాన్ అంటే చాలావరకు టెంపో ట్రావెలర్ సైజు వ్యాన్‌లో కట్టిందే. లోపల నిలబడే ఎత్తు ఆరడుగుల చుట్టుపక్కల ఉంటుంది. పై బంకు నేల నుంచి నాలుగడుగులు, అంటే 120 సెంటీమీటర్ల మీద పెడతారు. దానిపైన మిగిలేది రెండడుగులు. అక్కడ కూర్చోలేం, పాక్కుంటూ పోవాల్సిందే. కాజీపేటలో రైలెక్కి పై బెర్తు అలవాటైనవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. రైల్లో కాలు పెట్టడానికి ఎదురు బెర్తు దొరుకుతుంది, పట్టుకోవడానికి గొలుసో కడ్డీయో దొరుకుతుంది. వ్యాన్‌లో నడిచే దారే అడుగున్నర నుంచి రెండడుగులు.

ఇక్కడ పరిశీలించింది మూడు రకాలు: ఆన్‌లైన్‌లో దొరికే నాలుగు మెట్ల అల్యూమినియం హుక్ నిచ్చెన, గోడకు బిగించే మడత మెట్లు, స్థానిక వడ్రంగి చేసిచ్చే పెట్టె మెట్లు.

హుక్ నిచ్చెన ముందు చూద్దాం, ఎక్కువమంది కొనేది అదే కాబట్టి. బరువు రెండున్నర, మూడు కేజీలు. పదేళ్ల పిల్ల కూడా ఒంటిచేత్తో ఎత్తి తగిలించగలదు. ఇంతవరకు బాగుంది. తేడా వచ్చేది హుక్ దగ్గర. రెడీమేడ్ హుక్ నోరు 40 ఎంఎం ఉంటే, మన వెల్డింగ్ షాపుల్లో కట్టిన బంకు ఫ్రేము 25 ఎంఎం చదరపు పైపు. మధ్యలో 15 ఎంఎం ఖాళీ. ఎక్కేవాళ్ల బరువు పడ్డప్పుడల్లా నిచ్చెన టకటకమంటూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, పిల్లలు ఆ చప్పుడుకే భయపడతారు. దీనికి మందు సులువు: 12 ఎంఎం ప్లైవుడ్ పట్టీ, దాని మీద 3 ఎంఎం రబ్బరు షీటు, రెండూ కలిపి ఫ్రేముకు స్క్రూలతో బిగిస్తే హుక్ నిండుగా కూర్చుంటుంది. గుడ్డ చుట్టి సరిపెట్టేవాళ్లున్నారు. రెండు రోజుల్లో గుడ్డ జారిపోతుంది, ఊగుడు మళ్లీ మొదలు. ఇంకోమాట, హుక్‌ను తగిలించాల్సింది బంకు ఫ్రేముకే. పడకుండా పెట్టిన అడ్డ కడ్డీకి తగిలిస్తే అది మనిషి బరువుకు కట్టింది కాదు, వెల్డు దగ్గర వంగుతుంది.

రెండో లోపం వాలు. 120 సెంటీమీటర్ల ఎత్తుకు నిచ్చెనను 75 డిగ్రీల్లో నిలబెడితే కింది కాలు 32 సెంటీమీటర్లు బయటికొస్తుంది. ఎక్కడానికి హాయిగా ఉండాలని 65 డిగ్రీలకు వాలిస్తే 56 సెంటీమీటర్లు. అంటే దారి మొత్తం మూసుకున్నట్టే. కింద పడుకున్న నాయనమ్మ లేచి టాయిలెట్‌కు పోవాలంటే ముందు నిచ్చెన తీయాలి, తీస్తే పైనున్న పిల్లవాడికి దిగే దారి లేదు. ఈ బండిలో 75 డిగ్రీలే గతి. అంత నిటారుగా ఉన్నప్పుడు మెట్టు వెడల్పు, చేతిపట్టు సరిగ్గా లేకపోతే పెద్దవాళ్లు ఎక్కలేరు.

ఆ మెట్లు చాలావాటికి గుండ్రటి పైపులే. మనం చెప్పులు బయటే విడిచి లోపలికొస్తాం. ఒట్టికాలికి 22 ఎంఎం పైపు అరికాలి మధ్యలో గుచ్చుకుంటుంది, లావుగా ఉన్నవాళ్లకు మరీ. మూడంగుళాల చదును మెట్టు ఉన్నదే తీసుకోవాలి. జారకుండా గరుకు టేపు అంటించిన మెట్లు బూట్లేసుకునే వాళ్లకు బాగుంటాయి. మన పిల్లల పాదాలకు మాత్రం అది ఇసుక కాగితమే, దిగేటప్పుడు మడమ గీసుకుపోతుంది. గీతలున్న రబ్బరు పట్టీ మేలు, అది కూడా జిగురుతో కాదు, పాప్ రివెట్లతో. మే నెలలో హన్మకొండ ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన బండిలో ఆ జిగురు కరిగి, పట్టీ మెట్టు మీద పాములా కదులుతుంది.

మెట్ల మధ్య దూరం ఎవరూ కొలవరు. 24 సెంటీమీటర్ల చొప్పున నాలుగు మెట్లు పెడితే పై మెట్టు 96 దగ్గర వస్తుంది, బంకు ఫ్రేము 120 దగ్గర. లెక్క సరిగ్గా కుదిరింది అనిపిస్తుంది. కానీ మీద నాలుగంగుళాల పరుపు వేశాక ఆఖరి అడుగు 24 కాదు, 34 సెంటీమీటర్లు. దిగేటప్పుడు కాలు గాల్లో వెతుక్కునేది అందుకే. కొలత ఎప్పుడైనా పరుపు పైభాగం నుంచి తీయాలి. మొత్తం మీద ఈ హుక్ నిచ్చెనకు ఐదుకు రెండున్నర. పరుపు లెక్క, హుక్ పట్టీ సరిచేసుకుంటే మూడున్నర.

ఆన్‌లైన్‌ది వద్దనుకుని గ్రిల్ షాపులో ఇనుముతో చేయించుకుంటే కొలత మన చేతిలో ఉంటుంది. 25 ఎంఎం చదరపు పైపు, 16 గేజు అడగండి, అంటే 1.6 ఎంఎం మందం. అంతకన్నా పల్చటి పైపు మామూలు ఆర్క్ వెల్డింగ్‌కు చిల్లు పడుతుంది, చిల్లు పూడ్చి రంగేసి ఇస్తే మనకు కనబడదు. బరువు ఐదారు కేజీలవుతుంది. హుక్‌కు చుక్కలు పెట్టి వదిలేయకుండా చుట్టూ నిండు వెల్డు కొట్టించాలి, పగుళ్లు ముందు వచ్చేది ఆ వంపు దగ్గరే. అల్యూమినియం కావాలంటే ప్రతి గ్రిల్ షాపులోనూ కుదరదు, ఆర్గాన్ గ్యాసుతో చేసే టిగ్ వెల్డింగ్ ఉన్నచోటికి పోవాలి.

మడత మెట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అరచేయంత మెట్టు, వాడనప్పుడు గోడకు మడుస్తాం. దారికి అడ్డం రాదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ బిగించేది దేనికి? లోపలి ప్యానెల్ 6 ఎంఎం ప్లై అయితే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు నాలుగు రోజుల్లో ఊడొస్తాయి. వెనకాల బాడీ ఫ్రేము పైపు ఎక్కడుందో వెతికి, 8 ఎంఎం బోల్టు అవతలికి పంపి, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) వేయాలి. మామూలు నట్టు బండి అదురుకు వదులవుతుంది. ఫ్రేము దొరకని చోట ఈ మెట్ల జోలికి పోకపోవడమే మంచిది. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు సరే, పెద్దవాళ్లకు కాదు.

పెట్టె మెట్లే ఈ మూడింట్లో నిలబడ్డాయి. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు, రెండు మెట్లు, ఒక్కోటి 24 ఎత్తు. 12 ఎంఎం ప్లైతో చేస్తే దాదాపు తొమ్మిది కేజీలు, 18 ఎంఎంతో పదమూడు. పన్నెండే చాలు, మెట్టు కింద మధ్యలో ఒక నిలువు పలక అడ్డం పెట్టిస్తే మనిషి బరువుకు వంగదు. లోపల బట్టలు, దుప్పట్లు పడతాయి. నాయనమ్మ దాని మీద కూర్చుని చెప్పులు కూడా వేసుకోవచ్చు. ఈ పెట్టె మిమ్మల్ని 48 దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి పైకి రెండు చదును మెట్లు, పరుపు మందం కూడా లెక్కేసి 75 దగ్గర ఒకటి, 103 దగ్గర ఒకటి, నేరుగా బంకు పక్క నిలువు పైపుకు వెల్డు చేయించాలి. కింద వాలు లేదు, తీసి దాచే పని లేదు.

లోపాలు దీనికీ ఉన్నాయి. దారిలో 40 సెంటీమీటర్లు శాశ్వతంగా పోతుంది కాబట్టి వెనక బండికి అడ్డంగా వేసిన బంకులున్న బండికే కుదురుతుంది, బండి పొడవునా వేసిన బంకులకు కష్టం. పెట్టెను నేలకు బోల్టు చేయకపోతే సడన్ బ్రేకుకు ముందుకు వచ్చి ఎవరి మోకాలికో తగులుతుంది. అందంగా ఉంటుందని వరంగల్ కొత్తవాడ దర్రీ (జంపఖానా) ముక్క పైన పరుస్తారు. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన దర్రీ అది, కాదనలేం. కానీ ఊరికే పరిస్తే ప్లై మీద సర్రున జారుతుంది. అంచులు కిందికి మడిచి స్టేపుల్ పిన్నులు కొట్టాల్సిందే.

మెట్టు ఏదైనా, చేతిపట్టు లేకపోతే సగం పనే. అడుగున్నర పొడవు నిలువు కడ్డీ ఒకటి, పరుపు మట్టానికి కొంచెం కింద మొదలై పైకి పోయేలా బిగించాలి. అడ్డంగా పెట్టిన కడ్డీ ఎక్కడానికి బాగుంటుంది, దిగేటప్పుడు చేయి తిప్పుకోవాల్సి వస్తుంది. దీనికీ ఫ్రేముకు బోల్టు, నైలాక్ నట్టే. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పానా పెట్టి చూసుకోవాలి.

మెట్లు ఎటువైపు పెట్టాలన్నది బండి కట్టేవాళ్లు పట్టించుకోరు. తలవైపు పెడితే దిగేటప్పుడు ఆ రెండడుగుల ఎత్తులో వెనక్కి తిరగాలి. తల పైకప్పుకు, మోచేయి లైటుకు. కాళ్లవైపు పెడితే తల ముందు పెట్టి పాక్కుంటూ లోపలికి పోతాం, దిగేటప్పుడు వెనక్కి జరిగితే చాలు, పాదం నేరుగా మెట్టు మీదికే వస్తుంది, ముఖం మెట్లవైపే ఉంటుంది. పెద్దవాళ్లు పైన పడుకునే బండిలో ఈ ఒక్క మార్పే సగం కష్టం తీరుస్తుంది.

అడ్డ కడ్డీ సంగతి. అమెరికా భద్రతా నిబంధనలో పరుపు పైభాగం నుంచి కడ్డీ పై అంచు కనీసం ఐదంగుళాలుండాలి, సందులు మూడున్నర అంగుళాలకు మించకూడదు, ఆరేళ్ల లోపు పిల్లల్ని పైన పడుకోబెట్టకూడదు. సందు ఎక్కువైతే పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది, అందుకే ఆ కొలత. మెత్తగా లేదని రెండంగుళాల ఫోమ్ తీసి నాలుగంగుళాలది వేశారంటే కడ్డీ ఎత్తు రెండంగుళాలు తగ్గినట్టే. ఇక బండి నడుస్తుండగా పైన ఎవరూ ఉండకూడదు, సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. తీసే నిచ్చెనైతే దాన్ని కూడా బంకు అడుగున రెండు క్లిప్పులు, ఒక బెల్టుతో బిగించాలి. ములుగు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దగ్గర అది ఎగిరి పడితే ఐదు కేజీల ఇనుము.

జాతరకు పోయే బండికి ఇంకో రెండు జాగ్రత్తలు. జంపన్నవాగులో మునిగొచ్చిన తడి బట్టలు ఆరేయడానికి అందరికీ మొదట కనబడేది నిచ్చెన మెట్లే. నీళ్లు కారి మెట్టూ, కింద నేలా తడుస్తాయి, రాత్రికి జారుడు. వంటగట్టు మీద ఒక తాడు కట్టి పెట్టుకోండి. రెండోది దుమ్ము. నిచ్చెన కాళ్ల రబ్బరు బూట్లకు ఆ సన్నటి మట్టి పట్టిందంటే వినైల్ నేల మీద నిలవవు, రోజూ తడి గుడ్డతో తుడవాల్సిందే. అమ్మవార్లకు తెచ్చిన బంగారం (బెల్లం) బస్తా నిచ్చెన కాలికి అడ్డం పెట్టి ఆపేవాళ్లూ ఉన్నారు. బెల్లం బస్తా ఆపేదేం లేదు, చీమలు మాత్రం వస్తాయి.

బండి చేయించుకునేవాళ్లు చివరి విడత డబ్బులివ్వకముందే పరుపు వేయించి, లైట్లన్నీ ఆర్పి, ఇంట్లో అందరికన్నా పొట్టిగా ఉండి పైన పడుకోబోయే మనిషిని మూడుసార్లు ఎక్కి దిగమనండి. పై మెట్టు కోసం కాలు వెతుక్కుంటోందంటే ఆ మెట్టును రెండంగుళాలు పైకి జరిపి వెల్డు కొట్టమనండి. షెడ్డులో అది పావుగంట పని.