అద్దె జీపు బాగుంది, స్టెప్నీ ఒక్కటే ఇచ్చారు

అడిలైడ్‌లో వారానికి అద్దెకు తీసుకున్న ఫోర్‌వీల్ జీపు గురించి. కంపెనీ పేరు వద్దులెండి. బండికి ఫుల్ మార్కులు, ఇచ్చిన పద్ధతికి సగమే.

మేం వెళ్లింది ఆస్ట్రేలియా ఎడారిలో ఉన్న విలియం క్రీక్ అనే చిన్న ఊరికి. కూబర్ పీడీ దాకా 850 కి.మీ. తారు రోడ్డు, ఏసీ అదిరింది. అక్కడ్నుంచి 166 కి.మీ. మట్టిదారి. కౌంటర్‌లో "మట్టిరోడ్డు మీద పోతాం" అని చెప్తే తలూపారు. మట్టిదారిలో టైర్లకు ఇన్సూరెన్స్ వర్తించదని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. చదవకపోవడం నా తప్పే అనుకోండి.

కూబర్ పీడీ దాటిన కాసేపటికే పొడుగాటి కంచె వచ్చింది. డింగోలనే అడవి కుక్కలు గొర్రెల మీద పడకుండా 5,000 కి.మీ. పైచిలుకు కట్టిన కంచె. దక్షిణాన గొర్రెలు, ఉత్తరాన ఆవులు. చిన్నప్పుడు ధర్మవరం పక్కన గొర్రెలు కాసిన మా నాన్న దిగి తీగ పట్టుకుని చూశాడు. "తోడేలు కోసరం మేం కుక్కల్ని పెట్టుకుంటిమి. వీళ్లు కుక్కకే కంచె కట్టినార్రా!"

కంచె అవతల ఆనా క్రీక్ స్టేషన్. స్టేషన్ అంటే అక్కడ పశువుల్ని పెంచే పెద్ద మేత భూమి. 1863లో గొర్రెలతోనే మొదలుపెట్టారట, డింగోల దెబ్బకు ఆవులకు మారారు. 2016లో కొంత విడదీసి అమ్మకముందు 23,000 చ.కి.మీ. దాటి ఉండేది. మా ఉమ్మడి అనంతపురం జిల్లా మొత్తం 19,130. వాన ఏడాదికి 200 మి.మీ. కూడా పడదు. కరువు అంటే మాకే తెలుసనుకునేవాణ్ని.

విలియం క్రీక్‌కి ఇంకో 60 కి.మీ. ఉందనగా వెనక ఎడమ టైరు పోయింది. ట్రెడ్‌కి ఏం కాలేదు, పక్క గోడ జానెడు చీలింది. దారంతా ఎర్రటి, నున్నటి గిబ్బర్ రాళ్లు, అంచులు మాత్రం కత్తులే. జాకీ, పానా అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇరవై నిమిషాల్లో మార్చేశాం. ఆ తర్వాతే టెన్షన్. స్టెప్నీ ఇంకోటి లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. నలభై దాటకుండా నడిపా.

ఊళ్లో పట్టుమని పదిమంది ఉంటారేమో. 1872లో టెలిగ్రాఫ్ తీగ, తర్వాత రైలు ఈ ఎడారిలోంచే పోయాయంటే కారణం భూమిలోంచి ఊరే నీటి బుగ్గలు. అక్కడి ఆదివాసులైన అరబానా జనానికి ఆ బుగ్గలు ఎప్పట్నుంచో తెలుసు. 1980లో రైలు ఆగింది, ఊరు అలాగే ఉంది. హోటల్ గోడల నిండా వచ్చినవాళ్లు అంటించిన విజిటింగ్ కార్డులు. నాన్న తన అనంతపురం బస్సు టికెట్ అంటించాడు.

వాపసు ఇచ్చినప్పుడు టైరు డబ్బులు బాండ్‌లో, అంటే ముందు కట్టిన డిపాజిట్‌లో, కోసుకున్నారు. రెండో స్టెప్నీ అడిగితే అద్దెకు ఇస్తారట, అప్పుడు చెప్పారు. 5కి 3.