14 అంగుళాల బ్యాండ్‌సా: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

14 అంగుళాల చక్రాలున్న ఈ బ్యాండ్‌సాను (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో చెక్క కోసే యంత్రాన్ని) ఎనిమిదేళ్లుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. ఇన్నేళ్లలో మోటారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. మార్చినవల్లా చక్రాల అంచుకు తొడిగే రెండు టైర్లు, ఒక డ్రైవ్ బెల్టు, బ్లేడు వెనక ఉండే బేరింగు మాత్రమే. అయినా మొదటి ఏడాదిలో దీన్ని అమ్మేయాలని అనుకున్నాను, ఎందుకంటే కోతలో కనిపించిన ప్రతి లోపాన్నీ యంత్రానికే అంటగట్టాను. వాటిలో ఎక్కువ భాగం బ్లేడువల్లా, పేరుకున్న పొట్టువల్లా వచ్చినవేనని తెలియడానికి చాలా కాలం పట్టింది.

అన్నిటికంటే ఎక్కువగా విసిగించింది కోత పక్కకు లాగడం. చెక్కను ఫెన్సుకు, అంటే కోత తిన్నగా రావడానికి ఆధారంగా ఉండే పట్టీకి, ఆనించి నెడుతుంటే కోత గీతను వదిలి ఎడమవైపుకు జరిగిపోయేది. పై చక్రం వాలును సవరిస్తూ, ఫెన్సు కోణాన్ని మారుస్తూ ఒక వారమంతా పోగొట్టుకున్నాను. చివరికి ఆ అమరికలను కదపకుండా కొత్త బ్లేడు ఎక్కించి చూస్తే, కోత గీత మీదే నడిచింది. పాత బ్లేడును వెలుతురులో పట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది: ఎప్పుడో మేకుకు తగిలి కుడివైపు పళ్ల మొనలు మొద్దుబారాయి, అందువల్ల పదును మిగిలిన ఎడమవైపుకే బ్లేడు లాగుతోంది. అప్పటినుంచి ఏ లోపం కనిపించినా ముందుగా బ్లేడు మార్చి చూస్తాను, మిగతా మరలను ఆ తర్వాతే ముట్టుకుంటాను.

వెడల్పాటి చెక్కను నిలబెట్టి పలకలుగా చీల్చేటప్పుడు వచ్చే ఇబ్బంది వేరు. పలక పైనా కిందా సరిగానే ఉండి, మధ్యలో పొట్ట వచ్చినట్టు ఉబ్బుతుంది. 6 అంగుళాల ఎత్తున్న చెక్కను అంగుళానికి 6 పళ్లున్న బ్లేడుతో చీలిస్తే, పళ్ల మధ్య ఖాళీలు పొట్టుతో నిండిపోతాయి, ఆ పొట్టు బయటకు పోయే దారి లేక బ్లేడు మధ్యలో వంగుతుంది. అంగుళానికి 3 పళ్లున్న అర అంగుళం బ్లేడు వేసి, నెట్టే వేగం తగ్గించాక ఆ ఉబ్బు చాలావరకు పోయింది. మిగిలిన కొంచెం టెన్షన్ (బ్లేడు బిగువు) లోపం. యంత్రం మీదున్న టెన్షన్ గుర్తులను నేను ఇప్పుడు నమ్మను. బ్లేడు పక్కకు జరగకుండా కాసే పై గైడును 6 అంగుళాలు ఎత్తి, ప్లగ్గు తీసి, బ్లేడును వేలితో పక్కకు ఒత్తి చూస్తాను; పావు అంగుళానికి మించి కదిలితే ఇంకా బిగిస్తాను.

ఒకసారి యంత్రం ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. బేరింగులు పోయాయని భయపడి కింది తలుపు తెరిస్తే, కింది చక్రం టైరు మీద పొట్టూ చెక్క జిగురూ కలిసి మైనంలా గట్టిపడి, ఒకచోట గుట్టగా, మరోచోట పలుచగా అంటుకుని ఉన్నాయి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెక్క ముక్కతో గీకేశాక వణుకు పూర్తిగా ఆగిపోయింది. ఒక్కో చుట్టుకు ఒక్కసారి టిక్కుమనే శబ్దం వస్తే మాత్రం బ్లేడు అతుకును చూడాలి. అతుకు వెనక అంచు ఉబ్బుగా ఉంటే సానరాయితో నునుపు చేస్తే చాలు, పగులు కనిపిస్తే ఆ బ్లేడును ఇక వాడకూడదు.

గైడ్ల విషయంలో క్రమం ముఖ్యం. టెన్షన్ బిగించి, బ్లేడు చక్రాల మీద కుదురుగా నడిచేలా చేశాకే గైడ్లను దగ్గరకు తేవాలి. పక్క గైడ్లకూ బ్లేడుకూ మధ్య కాగితం మందమంత సందు ఉంచుతాను. అవి పళ్ల గుంతలకు కాస్త వెనకే ఉండాలి, లేకపోతే పళ్ల పదును పోతుంది. యంత్రం ఖాళీగా తిరుగుతున్నప్పుడు వెనక బేరింగు బ్లేడును తాకకూడదు, చెక్క ఒత్తిడి పడ్డప్పుడే తాకాలి. నేను మొదట్లో దాన్ని ఆనించే బిగించాను, అందుకే అంత త్వరగా దాని ముఖం మీద గాడి పడి మార్చవలసి వచ్చింది.

యంత్రంలోనే ఉన్న అసలు లోపం ఒకటుంది. పై గైడును మోసే కడ్డీ బ్లేడుకు పూర్తిగా సమాంతరంగా లేదు, అందుచేత గైడు ఎత్తు మార్చిన ప్రతిసారీ ఆ సందులన్నీ మళ్లీ సరిచూసుకోవలసి వస్తోంది. కడ్డీని పట్టే బ్రాకెట్ కింద పలుచని రేకు ముక్క పెట్టాక తేడా సగానికి సగం తగ్గింది గాని, పూర్తిగా పోలేదు.