సముద్రం పొరల కిట్: తొట్టి పర్వాలేదు, పుస్తకమే తలకిందులు

సెలవుల్లో మావాడు కాసేపైనా ఫోన్ వదుల్తాడేమోనని టీ నగర్‌లో ఒక బొమ్మల షాపులో ఈ కిట్ కొన్నాను. 850 రూపాయలు. పొడుగాటి అక్రిలిక్ తొట్టి, మూడు రంగు సీసాలు, ఐస్ అచ్చు, గరాటు, సన్నటి పుస్తకం. కంపెనీ పేరు రాయను, గొడవెందుకు.

తొట్టి ఒక మూల నుంచి చుక్కచుక్కగా కారింది, లప్పం పెట్టాక ఆగింది. రంగులు బాగున్నాయి, చేతికంటితే మాత్రం రెండు రోజులు పోవు.

అసలు తంటా పుస్తకంతోనే. నాలుగో ప్రయోగం పేరు ‘ఓఖోత్స్క్ సముద్రం’. ఉప్పునీళ్లలో నీలం ఐస్ ముక్క వేయండి, చల్లటి నీరు దిగి మధ్య పొర కడుతుంది అని రాశారు. వేశాం. మే నెల చెన్నైలో ఐస్ ఎంతసేపుంటుంది, చూస్తుండగానే కరిగి నీలమంతా పైనే తెప్పలా పరుచుకుంది. “నాన్నా, ఇది మునగదే?” అన్నాడు వాడు. మునగదు మరి! కరిగితే వచ్చేది మంచినీళ్లు, ఎంత చల్లగా ఉన్నా ఉప్పునీళ్ల మీద తేలతాయి. సముద్రంలో కిందికి దిగేది ఐస్ కరిగిన నీరు కాదు, ఐస్ కట్టేటప్పుడు మిగిలిపోయిన నీరు.

పుల్లఐసు పీలుస్తుంటే తీపీ రంగూ ముందే నోట్లోకి వచ్చేసి చివరికి చప్పటి తెల్ల గడ్డ మిగులుతుంది చూడండి, అదే సంగతి. నీరు గడ్డకడుతూ తనది కానిదాన్ని బయటికి నెట్టేస్తుంది. జపాన్‌కు ఉత్తరాన ఉన్న ఓఖోత్స్క్‌లో చలికాలం సైబీరియా గాలి ఒడ్డున కట్టిన ఐస్‌ని ఎప్పటికప్పుడు సముద్రం లోపలికి తోసేస్తుంటుంది, ఖాళీ అయిన చోట మళ్లీ ఐస్ కడుతుంది, మళ్లీ గాలి తోస్తుంది, అంటే ఆ తీరమే ఒక ఐస్ ఫ్యాక్టరీ. ఈ ఖాళీలను పొలీన్యా అంటారు. అక్కడ మిగిలిన ఉప్పంతా కిందికి దిగితే మైనస్ 1.8 డిగ్రీల దగ్గరుండే బరువైన నీరు తయారై, సఖాలిన్ దీవి తూర్పు పక్కగా దక్షిణానికి జారి, కురిల్ దీవుల సందుల్లో, ముఖ్యంగా బుస్సోల్ జలసంధిలో, ఆటుపోట్లకు బాగా కలిసిపోయి పసిఫిక్‌లోకి వెళ్తుంది. అక్కడ సుమారు 300 నుంచి 800 మీటర్ల లోతులో పరుచుకునే మధ్య పొరకు ఇదొక ముఖ్యమైన మూలం.

మరి అడుగుదాకా ఎందుకు వెళ్లదు? వాడు అడిగాడు, పుస్తకంలో దీని మీద ఒక్క ముక్క లేదు. ఆమూర్ నది మంచినీళ్లు వచ్చి కలిసే సముద్రం కాబట్టి అక్కడ ఉప్పు అసలే తక్కువ. ఐస్ ఎంత ఉప్పు వదిలినా ఆ బరువైన నీటిలో కిలోకి 33 గ్రాముల పైచిలుకే ఉంటుంది, పసిఫిక్ లోతుల్లో 34.6 దాకా ఉంటుంది. అందుకే మధ్యలోనే ఆగిపోతుంది.

సరే, మేం సొంతంగా చేశాం. లీటరు క్యాన్ నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి స్టీలు గిన్నెలో ఫ్రీజర్లో పెట్టాం. రాత్రంతా ఉంచితే మొత్తం గట్టిపడిపోతుంది, అందుకే రెండు మూడు గంటలకే, సగం గడ్డకట్టగానే తీశాం. ఐస్‌ని కడిగి నాకి చూస్తే ఉప్పదనం అంతంతే, మిగిలిన నీళ్లు మాత్రం బాగా ఉప్పగా ఉన్నాయి. ఆ నీళ్లలో నీలం కలిపాం. తొట్టి అడుగున లీటరుకు ఆరు చెంచాల ఉప్పునీళ్లు, పైన మామూలు నీళ్లు మెల్లగా పోసి, నీలాన్ని గరాటుతో అంచు వెంబడి వదిలాం. ఒక్కసారి గబుక్కున పోసి పాడుచేసుకున్నాం, రెండోసారి కుదిరింది. మధ్యలో గీత గీసినట్టు నీలం పట్టీ!

అయిదుకు మూడు ఇస్తాను, అదీ తొట్టికీ గరాటుకీ. కొనేవాళ్లు ఇంటికెళ్లగానే తొట్టిలో నీళ్లు నింపి ఒక గంట వార్తాపేపరు మీద పెట్టి చూడండి, మూలలు కారితే బిల్లుతో వెంటనే వెనక్కిచ్చేయండి. నేను బిల్లు పారేశాను.