చెరువులో బీవర్లు: పట్టించాలా, తరలించాలా, గొట్టం వేయాలా?

అమెరికాలోని నార్త్ కరోలినా, జార్జియా రాష్ట్రాల్లో పట్టణాలకు దూరంగా అయిదారు ఎకరాల స్థలం, అందులో ఒక చెరువు ఉన్న ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల నుంచి నాకు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటుంది. చెరువులో బీవర్లు చేరాయి, పియర్ చెట్లు కొరికేశాయి, నీళ్లు పచ్చిక మీదికి వచ్చేస్తున్నాయి, ఏం చేయమంటారు? బీవర్ అంటే చెట్లు కొరికి, పుల్లలు, బురదతో నీటికి అడ్డుకట్ట వేసే పెద్ద ఎలుక జాతి జంతువు. మా చెరువు తూముకు ఈ మధ్యే పంజరం కట్టించాను. ఆ పనికి ముందు అన్ని దారులూ ఆరా తీశాను కాబట్టి నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

చాలామందికి ఉన్న ఒక భయం ముందుగా తీర్చాలి. బీవర్ చేపలు తినదు. నీటికుక్కలా వేటాడే జంతువు కాదది. బెరడు, చిగుళ్లు, నీటి మొక్కలే దాని ఆహారం. మీరు వదిలిన చేపపిల్లలకు దానివల్ల ముప్పు లేదు. ముప్పంతా చెట్లకు, తూముకు, కట్టకు.

అందరూ మొదట అనుకునేది ట్రాపర్‌ను, అంటే ఉచ్చులు పెట్టి జంతువులను పట్టేవాడిని, పిలిపించడం. అది తప్పని నేను అనను. అనుభవం ఉన్నవాడు వస్తే కొద్ది రోజుల్లో బీవర్ల కుటుంబం మొత్తాన్ని పట్టేస్తాడు. నార్త్ కరోలినాలో చాలా కౌంటీలు (జిల్లాల వంటివి) పాలుపంచుకునే బీవర్ నిర్వహణ కార్యక్రమం కూడా ఉంది, దాని ద్వారా సాయం అడగవచ్చు. చట్టాలు మాత్రం రాష్ట్రానికో రకం. మసాచుసెట్స్ ఓటర్లు 1996లో ఒంటిని నొక్కిపట్టే ఉచ్చులను చాలావరకు నిషేధించారు. దక్షిణాది రాష్ట్రాల్లో అంత కట్టడి లేదు. బీవర్‌కు వాడే పెద్ద ఉచ్చు కుక్కనూ చంపగలదు, కాబట్టి పెంపుడు కుక్కలు, పిల్లలు తిరిగే చెరువులో ఎక్కడ ఏది పెడుతున్నాడో పక్కనుండి చూడాలి. ఎండకాలం మొదట్లో తల్లిని పడితే గూటిలోని పిల్లలు ఆకలితో చనిపోతాయన్నది కూడా ఆలోచించండి.

అయితే నా దృష్టిలో అసలు లెక్క వేరు. ఈ రోజు పట్టేసిన తర్వాత వచ్చే ఏడాది మీ చెరువు ఎలా ఉంటుంది? నిలకడైన నీరు, ఒడ్డున మెత్తని మట్టి, చుట్టూ స్వీట్‌గమ్, విల్లో చెట్లు, అన్నీ అలాగే ఉంటాయి. బీవర్ పిల్లలు రెండేళ్లు నిండగానే వసంతంలో తల్లిదండ్రులను వదిలి కొత్త నీరు వెతుక్కుంటూ వాగు వెంట బయలుదేరతాయి. ఖాళీగా ఉన్న మంచి చెరువు ఎదురైతే అవి ఎందుకు వదులుకుంటాయి? నార్త్ కరోలినా చరిత్రే దీనికి సాక్ష్యం. బొచ్చు వ్యాపారం వల్ల 19వ శతాబ్దం చివరికి నార్త్ కరోలినాలో బీవర్ అనేదే లేకుండా పోయింది. 1939లో పెన్సిల్వేనియా నుంచి 29 బీవర్లను తెచ్చి శాండ్‌హిల్స్ ప్రాంతంలో వదిలారు. ఇప్పుడవి దాదాపు రాష్ట్రమంతటా ఉన్నాయి. దగ్గర్లో వాగు ఉన్న చెరువులో ఒక్కసారి పట్టించి ఊరుకోవడం కుదరదు. రెండు మూడేళ్లకోసారి ట్రాపర్‌కు డబ్బు కట్టడానికి సిద్ధపడితేనే ఆ దారి పట్టాలి.

అందుకే జంతువు మీద పెట్టే ఖర్చు చెరువు మీద పెట్టమంటాను.

మన ఊరి చెరువుకు కట్ట, తూము, అలుగు ఉన్నట్టే ఇక్కడి చెరువులకూ ఉంటాయి. తూము స్థానంలో నీటిలో నిటారుగా నిలబెట్టిన గొట్టం ఉంటుంది. నీరు దాని మూతి దాటితే లోపలికి జారి కట్ట అడుగు నుంచి అవతలికి పోతుంది. బీవర్ మూసేది సరిగ్గా ఆ మూతినే. మా తూము మూసుకుపోయినప్పుడు చేత్తో తవ్వి చూశాను. బెరడు ఒలిచేసిన తెల్లటి పుల్లలు అడ్డదిడ్డంగా ఇరికించి ఉన్నాయి. వాటి సందుల్లో గడ్డి వేళ్లతో కలిపిన బురద, దాని మీద పిడికిలంత రాళ్లు. గునపం వేస్తే గానీ కదల్లేదు. అంత కష్టపడి తీసేస్తే తెల్లారేసరికి మళ్లీ మూసేసి ఉంది.

ఎందుకంటే దాన్ని పనికి పురిగొల్పేది పారే నీరు. స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ విల్సన్ నీరు పారే చప్పుడును లౌడ్‌స్పీకర్లో వినిపిస్తే బీవర్లు ఆ చప్పుడు వచ్చే చోటే కర్రలు, బురద పోగేశాయి. బీవర్లు వేసిన అడ్డుకట్టను మీరు తెగ్గొట్టినా, తూమును శుభ్రం చేసినా నీరు జోరుగా పారి చప్పుడు పెరుగుతుంది, ఆ రాత్రే అవి పనిలోకి దిగుతాయి. చప్పుడు, నీటి వేగం వాటికి తెలియకుండా నీటిని బయటికి పంపగలిగితే సగం సమస్య తీరినట్టే.

నీటిమట్టం గొట్టం చేసేది ఆ పనే. సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన నమూనా దక్షిణాదిలో చాలామందికి తెలుసు. పీవీసీ గొట్టానికి చుట్టూ రంధ్రాలు వేసి, దాని చుట్టూ ఇనుప మెష్ బిగించి, నీటి లోపల దూరంగా ఉంచుతారు. నీరు ఒకే చోట సుడి తిరగకుండా అన్ని రంధ్రాల నుంచి నెమ్మదిగా లోపలికి పోతుంది. మరో రకంలో 6 అంగుళాల గళ్లున్న బలమైన మెష్‌తో గుండ్రటి పంజరం కట్టి, గొట్టం మొదటి కొసను అందులో ఉంచి, కట్టకు 20, 30 అడుగుల దూరంలో నీటి అడుగున దించుతారు. చేపలు, చిన్న తాబేళ్లు ఆ గళ్లలోంచి దూరిపోతాయి, పెద్ద బీవర్ దూరలేదు. కట్టలోంచి అవతలికి పోయే రెండో కొస ఏ ఎత్తులో ఉంటే చెరువు నీరు దాదాపు ఆ మట్టం దగ్గరే ఆగుతుంది. మాలాగా నిటారు గొట్టం ఉన్నవారికి కొన్నిసార్లు దాని చుట్టూ వెడల్పైన పంజరం కట్టినా సరిపోతుంది. పంజరం మూతికి దగ్గరగా ఉంటే ప్రయోజనం లేదు, ఆ మెష్‌కే పుల్లలు అల్లేస్తాయి. మూతికీ మెష్‌కీ మధ్య ఎంత ఎడం ఉంటే అంత మంచిది.

దీనికీ పరిమితులు ఉన్నాయి. పంజరం మునిగేంత లోతు, అంటే కనీసం మూడడుగుల నీరు ఉండాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు దిగి ఆకులు, చెత్త తీయాలి. కుండపోత వాన పడితే గొట్టం ఒక్కటే ఆ వరదను మోయలేదు, అలుగు బాగుండాల్సిందే. అన్నిటికంటే ముఖ్యంగా, బీవర్లు మీతోనే ఉంటాయి. సాయంత్రం నీటి మీద తోక చరిచే చప్పుడు విని చిరాకు పడేవారు ఈ దారి పట్టకపోవడమే మంచిది. నాకది ఇష్టం. అవి ఉన్న చెరువుకు బాతులు, కొంగలు ఎక్కువగా వస్తాయి.

చెట్ల విషయం తేలిక. మొదలు చుట్టూ గట్టి వెల్డెడ్ మెష్‌ను మూడు నాలుగడుగుల ఎత్తున, బెరడుకు కాస్త ఎడంగా కట్టండి. కోళ్ల గూళ్లకు వాడే పల్చటి జాలీ పనికిరాదు, నొక్కి వంచేస్తాయి. ఎదిగిన చెట్లకు ఇసుక కలిపిన రంగు పూయడం కూడా పనిచేస్తుంది.

నేను గొట్టం వద్దని, ట్రాపర్‌ను పిలవమని చెప్పే సందర్భం ఒకటుంది. బీవర్ చెరువు కట్టలోనే బొరియ తవ్వినప్పుడు. గూడు కట్టుకునే చోటు లేకపోతే బీవర్ నీటి అడుగు నుంచి ఒడ్డులోకి సొరంగం తవ్వుతుంది. ఆ ఒడ్డు మట్టి కట్టే అయితే, గడ్డి కోసే ట్రాక్టరు బరువుకు పైకప్పు కుంగిపోవచ్చు, కట్టకు గండి పడవచ్చు. దిగువన రోడ్డు, ఇల్లు ఉంటే ఆలస్యం చేయకూడదు. ముందు జంతువులను పట్టించి, నీరు దించి, బొరియలు పూడ్చి, లోపలి వాలు మీద నీటిమట్టానికి పైనా కిందా రాళ్లు గానీ మెష్ గానీ పరిపించాలి. ఆ పరుపు లేకుండా పట్టించి ఊరుకుంటే తర్వాత వచ్చే బీవర్ అక్కడే తవ్వుతుంది.

ఇక తరలింపు. మనసుకు అన్నిటికంటే సౌమ్యంగా తోచేది ఇదే, చాలామంది దీని గురించే అడుగుతారు. ఐడహోలో 1948లో 76 బీవర్లను పెట్టెల్లో పెట్టి పారాచూట్లతో అడవిలో దించారు, ఒక్కటి తప్ప అన్నీ క్షేమంగా దిగాయి. అది ప్రభుత్వం చేసిన పని. సొంతంగా పట్టి మరోచోట వదలడం అనేక రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం. అనుమతి దొరికినా, తెలియని చోట వదిలిన జంతువు ఎంతకాలం బతుకుతుందో చెప్పలేం, మీ తలనొప్పి ఇంకొకరి చెరువుకు చేరుతుంది.

విషం సంగతి అడగకండి, అమెరికాలో బీవర్లకు అనుమతించిన విషమే లేదు. కలరా ఉండలు, మెరిసే లైట్లు, రేడియో మోత, వేటజంతువుల మూత్రం వంటివి డబ్బు దండగ. కలరా ఉండలైతే నీటినే పాడుచేస్తాయి.

శరదృతువులో అవి చలికాలానికి సిద్ధపడుతూ కట్టే పని జోరు పెంచుతాయి కాబట్టి గొట్టం పని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ముగించండి. వాగు మీద పాత బీవర్ కట్ట ఉంటే, దాన్ని తొలగించడానికి గానీ గొట్టం దూర్చడానికి గానీ కొన్నిచోట్ల అనుమతి కావాలి. కౌంటీ కార్యాలయంలో అడగండి, నీరు వదిలే ముందు దిగువ పొరుగువారికి ఒక మాట చెప్పండి.